పాత పత్రికల్లో, పాటల పుస్తకాల్లో మన ఊరి పండుగను వెతకడం ఎలా? రాయలసీమ పాఠకులకు సమగ్ర మార్గదర్శి

"మా తాతల కాలంలో మా ఊళ్లో పండుగ ఎలా జరిగేదో పాత పత్రికల్లో దొరుకుతుందా? దొరికితే ఎక్కడ మొదలుపెట్టాలి?" కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల పాఠకులు తరచూ అడిగే ప్రశ్న ఇది. దొరుకుతుంది. కానీ "పాత సంక్రాంతి ఫోటోలు" అని ఇంటర్నెట్‌లో వెతికినంత మాత్రాన దొరకదు. ఈ పనికి ఒక వరుస ఉంది. ఆ వరుసలో వెళ్తే వారానికి ఒక సాయంత్రం కేటాయించగలిగిన వారు కూడా గట్టి ఫలితం సాధించవచ్చు.

ఒక మాట ముందే చెప్పాలి. పాత తెలుగు పత్రికలు, సినిమాలు, పుస్తకాలు ఎక్కువగా మద్రాసులోనూ బెజవాడలోనూ తయారయ్యాయి. వాటిలో కనిపించే "తెలుగువారి పండుగ" చాలాసార్లు డెల్టా ప్రాంతపు పండుగ. దాన్ని చూసి మన ఊళ్లోనూ ఇలాగే జరిగేదని రాసుకుంటే, మన పండుగను మన చేతులతోనే చెరిపేసినట్టు అవుతుంది. అచ్చులో దొరికిన ప్రతి వివరాన్నీ ఊరికి తీసుకెళ్లి అడగవలసిన ప్రశ్నగా చూడండి. ఈ మార్గదర్శి మొత్తం ఆ ఒక్క పద్ధతి మీదే నడుస్తుంది.

1. ఒక పండుగ, ఒక ఊరు, ఒక కాలం ఎంచుకోండి

"రాయలసీమ పండుగలు" అనేది ఒక మనిషికి తలకు మించిన పని. "1950ల్లో ప్రొద్దుటూరు దసరా", "మా తాలూకాలో 1960ల పీర్ల పండుగ", "దేవుని కడపలో ఉగాది" వంటి చిన్న చట్రం పెట్టుకోండి.

మన దగ్గర వెతకదగిన పండుగలకు కొదవలేదు. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి కర్రలతో జరిగే బన్ని ఉత్సవం, ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాటి పిడకల సమరం, నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగ, ఉగాది నాడు ముస్లిములు కూడా దర్శనానికి వచ్చే దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరస్వామి ఆలయం, ఒంటిమిట్టలో రాత్రిపూట జరిగే కోదండరాముడి కల్యాణం. ఇంట్లో జరుపుకునే కనుమ, ఏరువాక పున్నమి, దీపావళి కూడా అంతే విలువైనవి. పేరున్న ఉత్సవాల గురించి ఎవరో ఒకరు రాస్తారు. మీ ఇంటి కనుమ గురించి మీరే రాయాలి.

మొదలుపెట్టే ముందు ఇవి సిద్ధం చేసుకోండి:

- ఒక నోటుపుస్తకం. ప్రతి పేజీని మూడు నిలువు గళ్లుగా గీయండి: "అచ్చులో ఉన్నది", "పెద్దలు చెప్పినది", "స్థానిక కాగితంలో ఉన్నది".
- పండుగ గురించి మీకు ఇప్పటికే తెలిసిన విషయాలు ఒక పేజీలో. ఇది వెతకడానికి ముందే రాయాలి. తర్వాత రాస్తే ఎక్కడో చదివింది, మీకు మొదటి నుంచీ తెలిసింది కలిసిపోతాయి.
- మాట్లాడదగిన ముగ్గురు నలుగురు పెద్దల పేర్లు.

2. అప్పట్లో మీ ఊరు ఏ జిల్లాలో ఉందో తేల్చుకోండి

ఈ మెట్టు దాటవేసినవారు నెలల తరబడి తప్పు పుస్తకాల్లో వెతుకుతుంటారు. మన సరిహద్దులు చాలాసార్లు మారాయి.

- అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. అంతకు ముందరి వివరాలు బళ్లారి జిల్లా పేరున ఉంటాయి.
- ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలోనివే. అందువల్ల దేవరగట్టు వైపు సమాచారం కావాలంటే 1904 నాటి బళ్లారి గెజిటీర్ (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకం) కూడా తెరవాలి. కర్నూలు పేరు పెట్టుకుని వెతికితే ఖాళీ చేతులతో వస్తారు.
- కదిరి తాలూకా 1910 వరకు కడప జిల్లాలో ఉండేది.
- మార్కాపురం, గిద్దలూరు వైపు ఊళ్లు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా కర్నూలు జిల్లావి.
- నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. పాత కాగితాల్లో ఈ పేర్లతో ఏమీ ఉండదు.

ప్రాంతం పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. "రాయలసీమ" అనే పేరు 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ తర్వాతే వాడుకలోకి వచ్చింది. అంతకు ముందు రాతల్లో "దత్తమండలాలు", "దత్తమండలము" (నిజాం ఇంగ్లిషువారికి ఇచ్చేసిన జిల్లాలు) అని వెతకండి. కడపకు ఇంగ్లిషులో ఉన్న పాత స్పెల్లింగు (Cuddapah) 2005 వరకు చెల్లింది. ఇంగ్లిషు పుస్తకాల కోసం ఆ పాత స్పెల్లింగుతోనే వెతకాలి.

3. వెతికే మాటల పట్టిక రాసుకోండి

పాత అచ్చులో మన నేటి మాటలు ఉండవు. పండుగకు కనీసం అయిదు రూపాలు రాసుకోండి.

- ఉగాది: యుగాది, సంవత్సరాది, నూతన సంవత్సరాది. పత్రికల ప్రత్యేక సంచికల కోసం "సంవత్సరాది సంచిక".
- సంక్రాంతి: సంక్రమణము, మకర సంక్రమణము, సంకురాత్రి, పెద్ద పండుగ.
- దసరా: విజయదశమి, నవరాత్రులు, నవరాత్రములు, శమీపూజ.
- పీర్ల పండుగ: పీరుల పండుగ, మొహరము, మొహర్రం.
- దీపావళి: దివ్వెల పండుగ, నరక చతుర్దశి.

గ్రాంథిక రూపాలు మరవకండి. "పండుగ" పక్కన "పండువ", "పాట" పక్కన "పాటలు, పదములు, గేయములు" కూడా రాయండి. ఇంగ్లిషు అక్షరాల్లో పేరు నమోదు చేసిన చోట ఒకరు "త"కు హెచ్ చేరుస్తారు, మరొకరు చేర్చరు. ఒకరు దీర్ఘానికి రెండు "a" అక్షరాలు పెడతారు, మరొకరు ఒక్కటే. "భారతి" అనే ఒక్క పత్రిక పేరునే మూడు నాలుగు విధాలుగా ప్రయత్నించాలి.

4. ఏ సంచిక తెరవాలో పంచాంగం ప్రకారం లెక్కకట్టండి

పాత పత్రికల ముఖచిత్రం మీద చాలాసార్లు తెలుగు సంవత్సరం పేరే పెద్దగా ఉంటుంది. అరవై ఏళ్ల చక్రంలో రెండు మూడు గుర్తులు కంఠతా పెడితే మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: ప్రభవ 1927-28, సర్వజిత్తు 1947-48, విజయ 1953-54. వీటికి అరవై కలిపితే తర్వాతి చుట్టు వస్తుంది. 1987-88 మళ్లీ ప్రభవ.

ఇక్కడ అందరూ ఒక పొరపాటు చేస్తారు. తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి జనవరిలో వచ్చే సంక్రాంతి ముందరి సంవత్సరానికి చెందుతుంది. 1955 జనవరి సంక్రాంతి జయ నామ సంవత్సరంలోది. ఆ ఏడాది ఉగాది నుంచి మన్మథ మొదలైంది.

పండుగను బట్టి తెరవవలసిన నెలలు ఇవి: సంక్రాంతికి జనవరి, ఉగాదికి మార్చి, ఏప్రిల్, దసరాకు సెప్టెంబరు, అక్టోబరు, దీపావళికి అక్టోబరు, నవంబరు. మాసపత్రికలు పండుగకు ముందే వెలువడేవి. అందుకే ముందు నెల సంచిక కూడా చూడండి. పండుగ తర్వాతి నెలలో పాఠకుల ఉత్తరాలు, సభల వార్తలు ఉంటాయి.

పీర్ల పండుగకు లెక్క వేరు. ఇస్లామీయ సంవత్సరం చాంద్రమానం కావడం, అధిక మాసం లేకపోవడం వల్ల మొహర్రం ఏటా దాదాపు 11 రోజులు ముందుగా వస్తుంది. సుమారు 33 ఏళ్లకు మళ్లీ అదే రుతువులోకి వస్తుంది. 1953లో అది సెప్టెంబరులో వచ్చింది, 1986లో మళ్లీ సెప్టెంబరులోనే. "మా చిన్నప్పుడు పీర్ల పండుగ చలికాలంలో వచ్చేది" అని ఒక పెద్దాయన అంటే అది జ్ఞాపకపు పొరపాటు అనుకోకండి. ఏ దశాబ్దపు మాటో చెప్పే మంచి ఆధారం అది.

5. డిజిటల్ భాండాగారాలను ఈ వరుసలో తెరవండి

అన్నీ ఒకేసారి తెరిస్తే ఏది ఎక్కడ చూశామో గుర్తుండదు. ఒక చోట ముగించి మరో చోటికి వెళ్లండి.

మొదట పాత పుస్తకాలను ఉచితంగా చదవనిచ్చే వెబ్‌సైట్ ఇంటర్నెట్ ఆర్కైవ్. భారత డిజిటల్ లైబ్రరీ పథకంలో స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు, పత్రికల సంపుటాలు ఇప్పుడు అక్కడ ఉన్నాయి. 1924లో మొదలైన "భారతి" సంచికలు, 1947 జులైలో మొదలైన "చందమామ" సంచికలు, పాత జిల్లా గెజిటీర్లు అక్కడే చూడవచ్చు.

రెండోది ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత పత్రికల భాండాగారం. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటి వాటి పాత సంచికలకు ఇది ముఖ్యమైన చోటు. ఆంధ్రపత్రిక ఉగాది ప్రత్యేక సంచికలు లావుపాటి పుస్తకాల్లా ఉంటాయి. పండుగ మీద పని చేసేవారు వాటిని తప్పక తిప్పాలి.

మూడోది తెలుగు వికీసోర్స్. ఇక్కడ పాఠాన్ని మనుషులు చదివి సరిదిద్దుతారు కాబట్టి మాట పెట్టి వెతికితే నిజంగా దొరుకుతుంది.

నాలుగోది నిఘంటువులు. పాత మాట అర్థం కాకపోతే చికాగో విశ్వవిద్యాలయం నిర్వహించే దక్షిణాసియా డిజిటల్ లైబ్రరీలో బ్రౌన్ నిఘంటువు, "ఆంధ్రభారతి" వెబ్‌సైట్‌లో ఇతర నిఘంటువులు ఉన్నాయి.

ధ్వని కోసం ప్రసార భారతి ఆర్కైవ్స్ విడుదల చేసిన రికార్డింగులు, అభిమానులు ఎక్కించిన గ్రామఫోను పాటలు వినండి. ఆ 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పడుతుంది. రికార్డులోని గొబ్బి పాట చిన్నదిగా ఉందంటే ఊళ్లో కూడా అంతే పాడేవారని కాదు. రికార్డు కోసం కత్తిరించి ఉంటారు.

వెతికేటప్పుడు ఈ మూడు జాగ్రత్తలు పాటించండి:

- పుస్తకం పక్కన నమోదైన సంవత్సరాన్ని నమ్మకండి. లోపలి పేజీ తెరిచి చూడండి.
- తెలుగు స్కాన్లలో మాట పెట్టి వెతకడం సగం సందర్భాల్లో పనిచేయదు. అరసున్నలు, బండి ర, గ్రాంథిక సంధులు అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను తికమక పెడతాయి. విషయసూచిక చూసి పేజీలు తిప్పడమే నమ్మదగిన పద్ధతి.
- తొలి స్కాన్లు చాలావరకు మధ్య ఛాయలు లేకుండా నలుపు తెలుపుల్లోనే తీసినవి. ఫోటోలు నల్లటి మరకల్లా కనిపిస్తాయి. బొమ్మ ముఖ్యమైతే సంచిక వివరం రాసుకుని అసలు ప్రతి కోసం గ్రంథాలయానికి వెళ్లండి.

గ్రంథాలయాల్లో కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం మనకు దగ్గరి అండ. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో పాత బైండు సంపుటాలు ఉన్నాయా అని అడగండి. దూరం వెళ్లగలిగితే 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనం పాత వార్తాపత్రికలకు పేరున్న చోటు.

6. వ్యాసం కన్నా ముందు ప్రకటనలు చదవండి

పండుగ వ్యాసాలు ఏటా ఒకే మాట చెబుతాయి: ఉత్తరాయణం, పుణ్యకాలం, పురాణ కథ. ఆచారం ఎలా జరిగిందో వాటిలో తక్కువ. జనం ఏం కొన్నారో, ఏం వేసుకున్నారో, ఏం తిన్నారో ప్రకటనల్లో ఉంటుంది. చీరల దుకాణం, సబ్బు, వనస్పతి, టపాకాయలు, గ్రామఫోను రికార్డులు, కొత్త సినిమా విడుదల, వీటిలో ప్రతి ఒక్కటీ పండుగ ఖర్చు ఎటు మళ్లిందో చెబుతుంది.

సినిమా పాటల పుస్తకాలను ప్రత్యేకంగా వెతకండి. సినిమా హాళ్ల దగ్గర చవకగా అమ్మిన ఆ సన్నని పుస్తకాల్లో కథాసంగ్రహం, పాటలు, తారాగణం, వెనుక అట్ట మీద ప్రకటన ఉంటాయి. గొబ్బి పాటో ఏరువాక పాటో సినిమాలో వచ్చిన తర్వాత ఊళ్లో పాడే పాట మారిందా అని పెద్దలను అడగడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు. జానపద బాణీ సినిమాలోకి వెళ్లి, సినిమా మాటలతో తిరిగి ఊరికి వస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేల్చడం ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

స్థానిక కాగితాలకు ఇంకా ఎక్కువ విలువ ఇవ్వండి. జాతర కరపత్రం, ఉత్సవాల్లో ఆడే పద్యనాటకం గోడపత్రిక, ఎద్దుల బండలాగుడు పోటీల ప్రకటన, దుకాణం వారు పంచిన గోడ క్యాలెండరు, ఇవన్నీ మన ఊరి గురించి నేరుగా మాట్లాడతాయి. ఏ రాత్రి ఏ నాటకం, ఏ సమాజం, బహుమతి ఎంత, దాత ఎవరు, అన్నీ ఒక్క కరపత్రంలోనే ఉంటాయి.

7. తేదీ లేని కాగితం కాలాన్ని తేల్చండి

సగం కాగితాల మీద సంవత్సరం ఉండదు. గాభరా పడనక్కర్లేదు. ఈ గుర్తులను ఒక్కొక్కటిగా చూడండి.

- ధర. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది అయ్యే అవకాశం ఎక్కువ. ఆ రోజు నుంచి దశాంశ నాణేలు వచ్చాయి. "నయా పైసలు" అని ఉంటే 1957 నుంచి 1964 వరకు.
- రాష్ట్రం పేరు. "మద్రాసు రాష్ట్రం", తర్వాత 1953 అక్టోబరు 1 నుంచి "ఆంధ్ర రాష్ట్రం", 1956 నవంబరు 1 నుంచి "ఆంధ్రప్రదేశ్". మధ్యలో ఆ మూడేళ్లు కర్నూలు రాజధాని. కర్నూలు చిరునామాతో ఉన్న ప్రభుత్వ ప్రకటనలు ఆ కాలానివి కావచ్చు.
- పిన్ కోడ్. ఆరంకెల పిన్ 1972 ఆగస్టు 15న మొదలైంది. అది ఉంటే ఆ తర్వాతిదే.
- పొరుగు రాష్ట్రం. "మైసూరు రాష్ట్రం" అని ఉంటే 1973 నవంబరుకు ముందుది.
- ఫోను నంబరు. అంకెలు ఎంత తక్కువైతే అంత పాతది.
- ముద్రణాలయం. అచ్చయిన కాగితం మీద ముద్రాపకుడి పేరు, ఊరు వేయాలని 1867 చట్టంలో నియమం ఉండేది. అడుగున చిన్న అక్షరాల్లో చూడండి.
- వారం, తేదీ. ఇది అన్నిటికన్నా పదునైన గుర్తు.

ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఒక కరపత్రం మీద "జనవరి 14 శుక్రవారం", "టిక్కెట్టు 2 అణాలు", "ఆంధ్ర రాష్ట్రం" అని ఉందనుకోండి. 1940-70 మధ్య జనవరి 14 శుక్రవారం అయిన సంవత్సరాలు 1944, 1949, 1955, 1966. అణాల వల్ల 1966 పోతుంది. "ఆంధ్ర రాష్ట్రం" వల్ల మొదటి రెండూ పోతాయి. మిగిలింది 1955. కరపత్రం మీద "జయ నామ సంవత్సరం" అని కూడా కనిపిస్తే ఇక అనుమానం లేదు.

ఏ ఒక్క గుర్తు మీదా తీర్పు చెప్పకండి. కొత్త నాణేలు వచ్చాక కూడా జనం అణాల్లో మాట్లాడారు, పాత చిరునామాలు కొన్నాళ్లు అచ్చవుతూనే వచ్చాయి. భాష గ్రాంథికంగా ఉందని పాతదనడం మరీ ప్రమాదం. రెండు గుర్తులు కలిసినప్పుడే సంవత్సరం రాయండి. లేకపోతే "1953-57 మధ్య" అని రాసి వదలండి.

గోడ క్యాలెండరు విషయంలో ఒక సూచన. చాలా ఇళ్లలో దేవుడి బొమ్మ వరకు కత్తిరించి ఫ్రేము కట్టించుకున్నారు. తేదీల భాగం పోతుంది. ఇంటివారు ఒప్పుకుంటే ఫ్రేము వెనుక అట్ట తీసి చూడండి. మడిచిన అంచు మీద దుకాణం పేరో, వెనుక అట్టగా వాడిన మరో పాత క్యాలెండరో దొరకవచ్చు.

8. అచ్చులో ఉన్న పండుగ మనదేనా అని పరీక్షించండి

అసలు పని ఇక్కడే ఉంది. సంక్రాంతి సంచిక తెరవండి. హరిదాసు, గంగిరెద్దు, వరి కుప్పలు, కోడిపందేలు, సంక్రాంతి బొమ్మల కొలువు. అందంగా ఉంటాయి. ఇప్పుడు మీ తాలూకా గురించి ఆలోచించండి. వరి ఎంత? జొన్న, సజ్జ, వేరుసెనగ ఎంత? బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు ఉంటే అది సంక్రాంతికా, దసరాకా? భోగి నాడు నువ్వులద్దిన సజ్జరొట్టెలు చేసిన ఇల్లు ఆ పత్రికలో ఎక్కడైనా కనిపించిందా?

బొమ్మ వేసిన చేతిని కూడా గుర్తుంచుకోండి. "చందమామ" స్థాపకుల్లో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లావారు. అయినా పత్రిక తయారైంది మద్రాసులో. పండుగ ముఖచిత్రాలతో పేరు పొందిన వడ్డాది పాపయ్య శ్రీకాకుళం వారు. చిత్రంలోని కట్టూబొట్టూ కుంచె పట్టిన మనిషి చూసిన లోకం నుంచి వస్తాయి. వాటిని మన అవ్వల కట్టుగా తీసుకోవడానికి ముందు అవ్వలనే అడగాలి.

ప్రతి వివరానికి ఈ ప్రశ్నలు వేయండి:

- ఈ పత్రిక ఎక్కడ అచ్చయింది? రాసినవారిది ఏ ప్రాంతం?
- ఇందులో చెప్పిన పంట, వంట, పశువు మన నేలలో ఉన్నాయా?
- ఏ ఇళ్ల పండుగ ఇది? వ్యాసం పట్టణపు చదువుకున్న ఇంటి గురించి కావచ్చు. అదే ఊళ్లో కూలికి వెళ్లేవారి ఇంట పండుగ వేరు.
- మన వైపు వేరే పేరుందా? పత్రికలో బొబ్బట్లు అంటే మన ఇళ్లలో ఓళిగలు, భక్ష్యాలు.
- ఆడవాళ్లు చేసిన పనిని ఆడవాళ్లే చెప్పారా, మగవారు రాశారా?

జవాబు దొరకకపోతే గడి ఖాళీగా ఉంచండి. ఖాళీ గడికి పత్రికలోని వివరం తెచ్చి అతికించడం ఈ పనిలో చేయగల అతి పెద్ద నష్టం.

9. బొమ్మ చేతికిచ్చి పెద్దలను అడగండి

"మీ కాలంలో పండుగ ఎలా జరిగేదవ్వా?" అని అడిగితే "బాగా జరిగేది నాయనా" అని ముగిసిపోతుంది. చేతిలో ఏదైనా పెట్టండి. పాత సంచిక పేజీని పెద్ద అక్షరాలతో, ముదురుగా ప్రింటు తీసి ఇవ్వండి. ఫోను తెరమీద చూపిస్తే కళ్లజోడు సర్దుకోవడానికే సమయం పోతుంది.

"అవ్వా, ఈ బొమ్మలో ఏది మన ఊళ్లో లేదు?" అని అడగండి. లేనిదాన్ని అడిగితే ఉన్నది దానంతటదే బయటికి వస్తుంది. "మా ఊళ్లో ఇట్ల కాదు" అనగానే అసలు సంగతి మొదలవుతుంది. ఆపకండి, సరిదిద్దకండి.

పాటల పుస్తకం ఉంటే పాట మొదటి చరణం మీరే చదవండి. వారు వేరే మాటలతో అందుకుంటే ఆ మాటలే మీకు కావలసినవి.

పెద్దలతో కూర్చునేటప్పుడు:

- రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి అనుమతి తీసుకోండి. మాట మొదట్లోనే తేదీ, ఊరు పలకండి.
- సంవత్సరం అడగకండి. "మీ పెళ్లికి ముందా, తర్వాతా?", "ఊళ్లోకి కరెంటు వచ్చాకనా?" అని అడగండి.
- పండుగ హడావిడిలో వెళ్లకండి. పండుగ ముగిసిన వారం మంచి సమయం. జ్ఞాపకాలు పచ్చిగా ఉంటాయి, చేతికి కొంత తీరిక ఉంటుంది.
- ఒకే ప్రశ్నను వేర్వేరు వాడల్లో, వేర్వేరు కులాల, మతాల వారిని అడగండి. పీర్ల చావిడి దగ్గర పనులు పంచుకునేవారిలో హిందువులూ ఉంటారు. ఇద్దరి మాటా కావాలి.

10. ఇంట్లోని కాగితాలను స్కాన్ చేయండి

పెట్టెలోంచి తీయగానే తుడవకండి. మెత్తని బ్రష్‌తో, మధ్య నుంచి అంచుల వైపు దుమ్ము దులపండి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి. కొన్నేళ్లకు పసుపు మరక పడి కాగితాన్నే తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు.

స్కానరు ఉంటే అక్షరాలకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), ఫోటోలకు 600 చాలు. ఫోనుతో తీస్తే ఫ్లాష్ ఆపి, కిటికీ పక్క నీడ వెలుగులో, కాగితానికి సరిగ్గా పై నుంచి తీయండి. మన ఎండ నేరుగా పడే చోట ఎక్కువసేపు ఉంచితే సిరా వెలిసిపోతుంది. బైండు పుస్తకాన్ని బలవంతంగా తెరవకండి. ముందూ వెనుకా ఉన్న అట్టలు, ఖాళీ పేజీ మీద చేత్తో రాసిన పేరు, అన్నీ తీయండి.

అసలు స్కాను మీద ఎప్పుడూ మార్పులు చేయకండి. మెరుగు దిద్దడం, కత్తిరించడం నకలు మీదే.

ఫైలు పేరు ఇలా పెట్టండి: సంవత్సరం, నెల, పత్రిక లేదా కాగితం రకం, ఊరు, పేజీ. ఉదాహరణకు "1955-01 కరపత్రం ఆదోని 1". తేలని సంవత్సరానికి "195x" అన్నట్టు గుర్తు పెట్టండి. మూడు నకళ్లు ఉంచండి: కంప్యూటర్‌లో ఒకటి, విడి డిస్కులో ఒకటి, ఇంటి బయట మరొకటి.

11. తరచూ వచ్చే చిక్కులు, సవరణలు

*ఏమీ దొరకడం లేదు.* ఊరి పేరు వదిలి తాలూకా, పాత జిల్లా పేరుతో వెతకండి. పండుగ పేరు వదిలి దేవుడి పేరుతో వెతకండి. బన్ని దొరకకపోతే మాళ మల్లేశ్వరుడు దొరకవచ్చు.

*దొరికినవన్నీ ఒకేలా ఉన్నాయి.* ఒకే పురాణ కథను ఏటా తిరిగి అచ్చు వేసేవారు. వ్యాసాలు వదిలి ప్రకటనలు, ఉత్తరాలు, ఊళ్ల నుంచి వచ్చిన వార్తలు చూడండి.

*ఇంగ్లిషు గెజిటీర్ ఒకటి చెబుతోంది, పెద్దలు మరొకటి చెబుతున్నారు.* గెజిటీర్ రాసిన అధికారి పండుగను బయటి నుంచి చూశాడు. ఎంతమంది వచ్చారు, ఏ నెల, ఏ రథం వంటి వాటికి ఆ పుస్తకం పనికొస్తుంది. ఎందుకు చేశారన్నదానికి ఊరి మాటే వినండి. రెండూ రాసి, ఎవరు చెప్పారో పక్కనే రాయండి.

*స్క్రీన్‌షాట్లు పేరుకుపోయాయి, ఎక్కడివో తెలియదు.* ఇకపై పేజీ బొమ్మ తీసే ముందు ముఖపత్రం బొమ్మ తీయండి. సంపుటి, సంచిక, పేజీ లేని బొమ్మకు ఆధారంగా విలువ లేదు.

*సినిమాలో చూపించిన పండుగను ఆధారంగా వాడవచ్చా?* సెట్టు వేసి తీసిన పండుగ అది. అప్పటి ప్రేక్షకులు దేన్ని అందమైన పండుగ అనుకున్నారో చెప్పడానికి వాడండి. ఊళ్లో ఏం జరిగిందో చెప్పడానికి వాడకండి.

12. పంచుకునే ముందు హక్కులు, మర్యాద చూసుకోండి

మన దేశ చట్టం ప్రకారం రచనకు రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు కాపీహక్కు ఉంటుంది. సినిమాలకు, ధ్వని రికార్డులకు విడుదలైన తర్వాత 60 ఏళ్లు. ఈ కాలం మరుసటి క్యాలెండరు సంవత్సరం మొదటి నుంచి లెక్క. పత్రిక పాతది కాబట్టి రచన స్వేచ్ఛగా వాడుకోవచ్చు అనుకోకండి, రచయిత నిన్నమొన్నటి దాకా జీవించి ఉండవచ్చు. హక్కు ముగిసిన వాటిని వికీసోర్స్‌కు ఎక్కిస్తే మరొకరు చదివి సరిదిద్దుతారు. ముగియని వాటి నుంచి మీకు కావలసిన వివరం రాసుకుని, ఎక్కడిదో చెప్పండి.

ఇంటి ఫోటోల్లో ఉన్నవారి పేర్లు కుటుంబం ఒప్పుకుంటేనే బయటపెట్టండి. దేవరగట్టు వంటి ఉత్సవాల పాత ఫోటోల్లో గాయాలతో ఉన్నవారు కనిపిస్తే వారి ముఖాలు ప్రచురించకండి. మొక్కుబడి వివరాలు, పూనకం వచ్చినవారి ఫోటోలు కూడా అంతే.

పని ఒక దశకు వచ్చాక మీ మూడు గళ్ల పేజీలను ప్రింటు తీసి, చెప్పిన పెద్దలకు మొదట ఇవ్వండి. చదవలేనివారికి చదివి వినిపించండి. సవరణలు వస్తాయి, వాటిని తేదీతో సహా వేరే రంగు సిరాతో చేర్చండి. తర్వాత ఒక నకలు ఊరి గ్రంథాలయానికి, ఒకటి బడికి ఇవ్వండి. ఖాళీగా మిగిలిన గళ్ల జాబితాను మొదటి పేజీ మీదే పెట్టండి. వచ్చే పండుగకు ఊరికి వచ్చే బంధువుల్లో ఎవరి పెట్టెలో ఆ కాగితం ఉందో ఆ జాబితా చూసినవారే చెబుతారు.